ఏ చెట్టు తేవాలె?

డిసెంబర్ 1, 2024, ఆదివారం

అడ్వెంట్ మొదలైంది. చర్చి నుంచి వస్తూ కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఆగినం. పాప ఆరడుగుల ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు పట్టుకొని వదలదు. గొడుగు లెక్క ముడుచుకుంటది. "ప్రతి ఏడు ఇదే వాడొచ్చు మమ్మీ" అంటది. లెక్కకు నిజమే. కానీ మా సజ్జ మీద ఇత్తడి బిందెలకే జాగ లేదు. కొనకుండనే వచ్చినం.

డిసెంబర్ 4, బుధవారం

పొద్దున ఏడున్నర కావస్తుంటే భూమి కదిలింది. వరండాల కట్టిన నక్షత్రం దానంతటదే ఊగుతుంటే అందరం రోడ్డు మీదికి ఉరికినం. ములుగు దిక్కు 5.3 తీవ్రతతో వచ్చిందని టీవీల చెప్పిండ్రు. భయం తగ్గినంక ఆడోళ్లం అక్కడనే ముచ్చట్లు పెట్టినం. పక్కింటామెది కోస్తా. వాళ్ల దిక్కు సరుగుడు కొమ్మ కొట్టుకొచ్చి నిలబెడ్తరట. దాన్నే మేం సర్వి అంటం, మాకది స్లాబు కింద పెట్టే కట్టెలే. పైగా కొట్టిన కొమ్మ పండుగ దాకా పచ్చగ ఉంటదా? నాకు నమ్మకం లేదు.

డిసెంబర్ 8, ఆదివారం

నర్సరీకి పోయినం. ఇక్కడ క్రిస్మస్ చెట్టంటే అరకేరియానే. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగ వస్తయి. ఇందుల ఒక రకం పసిఫిక్ దిక్కు న్యూ కాలెడోనియాది. ఎక్కడ పెట్టినా భూమధ్యరేఖ దిక్కు వాలుతదని 2017ల శాస్త్రవేత్తలు కొలిచి చెప్పిండ్రు. అంటే మన కరీంనగర్ల దక్షిణానికి ఒంగాలె. వాస్తు చూసేటోళ్లు ఏమంటరో!

పక్కన తూజా గుబురుగ ఉంది గానీ, దాని రెమ్మలు బొమ్మల బరువు మోయవు. అరకేరియాల రెండే చూసిన. నడి మొన విరగొద్దు, విరిగితే మళ్ల ఆ తీరు రాదు. అడుగు వరుస కొమ్మలు పచ్చగ ఉండాలె, అవి ఒకసారి ఎండితే తిరిగి మొలవవు. ఎత్తు చూసి మోసపోవద్దు. నడుమెత్తుదే తెచ్చినం.

అత్తమ్మ చూసి "గిదేడి చెట్టే, మనది గాదు గదా" అన్నది. "మిరపకాయ మనదా అత్తమ్మా, రోజూ తింటలేమా?" అన్న. నవ్వింది గానీ ఒప్పుకోలేదు.

డిసెంబర్ 15, ఆదివారం

పండుగైనంక చెట్టును పెరట్ల పెడ్దామన్నడు మా ఆయన. దాని సొంత దేశంల అది 60 మీటర్ల దాకా పోతది! మాది నూట యాభై గజాల జాగ, నెత్తి మీద కరెంటు తీగలు. కుండీలనే ఉంచుదామన్న. ఎండాకాలం వరండా నీడ, రోజూ నీళ్లు. అసలు కొనే ముందే జనవరి సంగతి ఆలోచించాలె. నర్సరీలల్ల ఎవరూ ఆ మాటే ఎత్తరు.

డిసెంబర్ 25, బుధవారం

మెదక్ చర్చికి ఈ రోజుతో నూరేండ్లు. 1924ల క్రిస్మస్ నాడే ప్రతిష్ఠించిండ్రు. అత్తమ్మ పుట్టిల్లు ఆ దిక్కే, టీవీ ముందు నుంచి లేవలేదు. వాళ్ల చిన్నప్పుడు ఇంట్ల చెట్టు లేదు. వెదురు బద్దల నక్షత్రం, మామిడాకుల తోరణం, అంతే.

సాయంత్రం లేచి, బంతిపూల దండ తెచ్చి చెట్టుకు చుట్టింది. పై కొమ్మలు వంగినయి. పాపకు కోపమొచ్చింది. చివరికి దండ అడుగు వరుసకు, బల్బులు పైకి అని ఇద్దరూ ఒప్పందానికొచ్చిండ్రు. నేను సకినాల డబ్బా తేవడానికి లేచిన.