చర్లపల్లిలో నేర్చిన వెల్డింగ్

సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు వెళ్లే రైలు మౌలాలి దాటగానే చర్లపల్లి వస్తుంది. అక్కడి కేంద్ర కారాగారంలో ఖైదీలు స్టీలు ఫర్నిచర్ చేస్తారు. జైళ్ల శాఖ తన సరుకును ‘మై నేషన్’ పేరుతో అమ్ముతుంది కూడా.

అంటే వెల్డింగో, వడ్రంగమో చేతికొచ్చిన మనుషులు ఆ గేటు దాటి బయటికొస్తున్నారన్నమాట. మౌలాలి, కుషాయిగూడ, చర్లపల్లి చుట్టూ పారిశ్రామికవాడలే. పని తెలిసినవాళ్లు అక్కడ ఎప్పుడూ కావాలి. అయినా “ఇన్నేళ్లూ ఎక్కడ చేశావు?” అని అడిగితే చాలు, నోరు పెగలదు.

జైళ్ల శాఖే ఒక దారి చూపింది. ఇండియన్ ఆయిల్‌తో కలిసి చంచల్‌గూడ లాంటి చోట్ల పెట్రోలు బంకులు పెట్టి, విడుదలైనవాళ్లకూ కొలువిచ్చింది. రోజంతా జనం డబ్బు వాళ్ల చేతుల మీదుగానే నడుస్తుంది. నమ్మకానికి ఇంకేం రుజువు కావాలి!

కానీ బీరువా చేయగల మనిషికి బీరువా చేసే పనే దొరకాలి. ఖైదీల శ్రమకు న్యాయమైన కూలి ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. వాళ్ల నైపుణ్యానికీ ఆ గౌరవం దక్కాలి. జైలు పేరు కనిపించని సర్టిఫికెట్ ఇవ్వాలి. షెడ్డు యజమాని కూడా పాత కేసు తిరగేసే ముందు వెల్డింగ్ రాడ్డు చేతికిచ్చి, ఒక్క అతుకు వేయించి చూడాలి.