గొర్యో వారి నూనె బుడ్డి

కొరియా సెలడాన్ అని వెతికితే ముందు వచ్చేది కొంగలు ఎగురుతున్న ఆ పొడవాటి కూజా. బాగుంటుంది, కాదనను. కానీ ఆన్‌సైట్ పని మీద సోల్‌లో ఉన్నప్పుడు నేషనల్ మ్యూజియంలో నేను ఎక్కువసేపు చూసింది మాత్రం అరచేతిలో ఇమిడిపోయే నూనె బుడ్లని.

గొర్యో వంశం 918 నుంచి 1392 దాకా ఏలింది. ఈ బుడ్లు ఎక్కువగా 12, 13 శతాబ్దాలవి. తలనూనె, ఒంటికి రాసుకునే తైలాలు పోసుకునేవారు. ఆకారం చూడండి. నొక్కేసిన ఉల్లిపాయలాంటి పొట్ట, పొట్టి మెడ, పళ్ళెంలా విచ్చుకున్న అంచు, మధ్యలో చిన్న కన్నం. వంచితే నూనె చుక్క చుక్కగానే వస్తుంది. అడుగు వెడల్పు కాబట్టి తేలిగ్గా ఒరిగిపోదు. ఎవరో చీర మీద... సారీ, హాన్‌బోక్ మీద నూనె ఒలకబోసుకుని తిట్టుకున్నాకే ఈ డిజైన్ పుట్టి ఉంటుందని నా అనుమానం :) కొన్ని సెట్లుగా కూడా దొరికాయి. ఓ పెద్ద మూత డబ్బా, అందులో చుట్టూ చిన్న డబ్బాలు, నడుమ ఈ బుడ్డి. మన కుంకుమ భరిణెకి పెద్దక్క అనుకోండి.

ఇంత చిన్న వస్తువు మీద కూడా చేమంతులు! మట్టి పూర్తిగా ఆరకముందే గీతలు చెక్కి, ఆ గాళ్ళలో తెల్లమట్టి, కాలితే నల్లబడే మట్టి నింపి, పైన మిగిలింది గీకేసి, ఒకసారి కాల్చి, గ్లేజు పోసి మళ్ళీ కాల్చాలి. ఆ ఆకుపచ్చ కుంచెతో వేసింది కాదు. గ్లేజులో కాస్త ఇనుము ఉండాలి, బట్టీకి గాలి తగ్గించాలి. గాలి ఎక్కువైతే పచ్చదనం పోయి గోధుమ రంగు మిగుల్తుంది.

1123లో చైనా సాంగ్ చక్రవర్తి దూతలతో వచ్చిన షూ జింగ్ ఈ రంగుని మెచ్చుకున్నాడు. అదే పుస్తకంలో ఇక్కడి ఆడవాళ్ళకి పరిమళ తైలాలు పూసుకోవడం ఇష్టం ఉండదనీ, పౌడర్ రాసుకుంటారు గానీ ఎర్రరంగు వాడరనీ రాశాడు. మరి ఇన్ని బుడ్లు ఎవరి కోసమండీ? ఆయన రాజధాని గేగ్యోంగ్‌లో ఉన్నది ఓ నెల. నెల్లాళ్ళు క్లయింటు ఆఫీసులో కూర్చుని రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ రాసేసే కన్సల్టెంట్లు మనకి తెలియని వాళ్ళేం కాదు. ఆయన చూసింది వీధిని. బుడ్డి ఉండేది లోపలి గదిలో.

నాకు బాధనిపించేది వేరే. గొర్యో సెలడాన్‌లో మంచివి చాలా మటుకు సమాధుల్లోంచి వచ్చినవే. 1900ల మొదట్లో, జపాన్ పెత్తనం పెరిగాక, గేగ్యోంగ్ (ఇప్పుడు ఉత్తర కొరియాలోని కేసోంగ్) చుట్టుపక్కల సమాధులు తవ్వి అమ్ముకున్నారు. అలా వచ్చిన వాటికి ఏ సమాధి, ఎవరిది, పక్కన ఇంకేం ఉన్నాయి అన్న రికార్డు లేదు. "పోన్లే, బయటపడ్డాయిగా, అందరూ చూస్తున్నారు" అంటాడు మా టీమ్‌లో ఒకాయన. నేను ఒప్పుకోను. డేటా మిగిలింది, లాగ్ మొత్తం చెరిపేశారు.

దీనికి ఉల్టా కథ 2007లో జరిగింది. తెయాన్ దగ్గర సముద్రంలో ఓ జాలరికి చిక్కిన ఆక్టోపస్ సెలడాన్ గిన్నెని పట్టుకుని పైకొచ్చింది! కింద వెతికితే మునిగిన ఓడ, 20 వేలకు పైగా సెలడాన్ సామాన్లు. వాటితో పాటు చెక్క చీటీలు. తాంజిన్ నుంచి, అంటే ఇప్పటి గాంగ్‌జిన్ నుంచి, గేగ్యోంగ్‌లో ఫలానా ఆయన ఇంటికి అని సిరాతో రాసి ఉంది. దాదాపు 900 ఏళ్ళు బురదలో ఉన్నా చదవగలిగారు.