మైసూరు బాణీ... దుండిగల్‌ కవాతు!

సికింద్రాబాద్‌ నుంచి శామీర్‌పేట చెరువుకో, జింకల పార్కుకో బయల్దేరిన పిల్లలకు దారిలోనే ఓ వినోదం దొరుకుతుంది. హకీంపేట దాటుతుంటే నెత్తిమీద విమానాల చప్పుడు. కారు అద్దం దించి చేతులూపకుండా ఉండలేరు. అక్కడ శిక్షణ పొందే కుర్రాళ్ల భుజాల మీదికి ఆఫీసరు పట్టీలు వచ్చేది మాత్రం మేడ్చల్‌కు పడమరనున్న దుండిగల్‌లో. శామీర్‌పేట దగ్గర ఔటర్‌ రింగురోడ్డు ఎక్కితే మేడ్చల్‌ మీదుగా తిన్నగా అక్కడికే చేరుకోవచ్చు.

దుండిగల్‌ ఎయిర్‌ఫోర్స్‌ అకాడమీకి 1967లో నాటి రాష్ట్రపతి జాకీర్‌ హుస్సేన్‌ శంకుస్థాపన చేశారు. ఏటా జూన్‌, డిసెంబరు నెలల్లో ఇక్కడ గ్రాడ్యుయేషన్‌ పరేడ్‌ జరుగుతుంది. దేశంలో తొలి మహిళా ఫైటర్‌ పైలట్లు అవని చతుర్వేది, భావనా కాంత్‌, మోహనా సింగ్‌ 2016 జూన్‌ 18న ఆఫీసర్లయింది ఈ మైదానంలోనే. కవాతు చివర్లో కొత్త ఆఫీసర్లు రెండు వరసల్లో నెమ్మదిగా అడుగులేస్తూ బయటికి నడుస్తారు. అప్పుడు బ్యాండు వాయించే బాణీ రవీంద్రనాథ్‌ టాగూర్‌ ‘ఆనందలోకే’.

బెంగాలీ పాటే... కానీ బాణీ పుట్టింది మన దక్షిణాదిలో! 1890ల్లో రవీంద్రుడి మేనకోడలు సరళాదేవి మైసూరులో ఓ బాలికల పాఠశాలలో పనిచేశారు. అక్కడ విన్న భజనల బాణీలను మూటగట్టుకెళ్లి మేనమామకు వినిపించారు. వాటిలో ఒకదానికి ఆయన బెంగాలీలో మాటలు కట్టారు. గుడి ముందు పాడుకున్న పాట కలకత్తా వెళ్లి ప్రార్థనాగీతమై, చివరికి దుండిగల్‌లో కవాతు బాణీగా మారిందన్నమాట.

బాణీలకు ఇలా ఊళ్లు తిరగడం అలవాటే. డెహ్రాడూన్‌ మిలటరీ అకాడమీలో కేడెట్ల ఆఖరి అడుగుకు వాయించే ‘ఆల్డ్‌ లాంగ్‌ సైన్‌’ స్కాట్లండ్‌ పాట. దాన్నే టాగూర్‌ బెంగాలీ చేశారు. జపాన్‌ వాళ్లు 1881లోనే బడిపాటగా మార్చుకుని, పిల్లలకు వీడ్కోలు చెప్పేటప్పుడు పాడటం మొదలుపెట్టారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత యుజి కొసెకి అదే బాణీని వాల్ట్జ్‌గా మలిస్తే, దుకాణాలు కట్టేసే వేళకు అదే గుర్తయింది. ఓడిపోయిన జపాన్‌లో అమెరికా సైనిక శిబిరాలే కొత్త పాటలకు బడులయ్యాయి. ఆ శిబిరాల్లో పాడుతూ పెరిగిన చిఎమి ఎరి అనే అమ్మాయి, 1952లో ‘టెనెసీ వాల్ట్జ్‌’ను సగం ఇంగ్లిషులో, సగం జపనీస్‌లో పాడి దేశమంతా పేరు తెచ్చుకుంది. నిన్నటి శత్రువు పాట అని జనం చెవులు మూసుకోలేదు. మాటలు తమవి చేసుకున్నారు, దుఃఖం ఎలాగూ తమదే.

దుండిగల్‌లోనూ అంతే. బ్యాండు వాయించేటప్పుడు మాటలుండవు. గ్యాలరీలో కూర్చున్న తల్లిదండ్రుల్లో బెంగాలీ వచ్చినవాళ్లు ఎందరుంటారు? రాకపోయినా ఫర్వాలేదు. నిన్నటిదాకా సెలవులకు ఇంటికొచ్చిన బిడ్డ ఇకపై ఎప్పుడొస్తాడో, ఏ సరిహద్దు మీద ఎగురుతాడో తెలియదు. గర్వమూ గుబులూ కలిసి గొంతులో అడ్డుపడే ఆ నిమిషంలో ఎవరి మాటలు వాళ్లే కట్టుకుంటారు.

పరేడ్‌ చూడాలంటే ఆహ్వానం ఉండాల్సిందే. కానీ శామీర్‌పేట దారిలో విమానాల చప్పుడు వినడానికి ఏ పిలుపూ అక్కర్లేదు. ఈసారి అటు వెళ్లినప్పుడు పిల్లలతోపాటు పెద్దలూ ఓసారి చెయ్యి ఊపొచ్చు!