కంప్యూటర్ భాషలు - తెలుగు అక్షరం

ఒక కొత్త భాష నేర్చుకోవడమంటే లోకాన్ని మరొక వాకిలి నుండి చూడడమేనని పెద్దలు చెబుతారు. మనుషుల భాషలకే కాక, కంప్యూటర్‌కు పని చెప్పడానికి రూపొందించిన భాషలకు కూడా ఈ మాట వర్తిస్తుందని నా అనుభవం. వృత్తిరీత్యా నేను జమాఖర్చుల గుమాస్తాను. ప్రోగ్రామింగ్ నాకు తీరిక వేళల వ్యాసంగం మాత్రమే. అయినా నేర్చిన ప్రతి భాషనూ ఒకే ప్రశ్నతో పరీక్షిస్తూ వచ్చాను: తెలుగు అక్షరాన్ని ఇది అక్షరంగా గుర్తిస్తుందా?

నిజానికి ఈ ప్రశ్న మా నాన్నగారిది. తెలుగు పండితులుగా పనిచేసిన ఆయన కొన్ని వందల వృత్త పద్యాలు రాసి మూడు నోటు పుస్తకాలలో భద్రపరిచారు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఛందస్సు సరిచూసే ప్రోగ్రామ్ రాయాలని నా సంకల్పం. "గణవిభజన తరువాతి మాట నాయనా! ముందు నీ యంత్రానికి అక్షరమంటే ఏమిటో తెలియాలి కదా!" అన్నారాయన.

నా మొదటి భాష బేసిక్. కెమెనీ, కర్ట్జ్ అనే ఆచార్యులు అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో 1964లో దీనిని ప్రవేశపెట్టారు. 1980ల మధ్యలో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన 'క్లాస్' పథకం కింద మా పాఠశాలకు వచ్చిన బీబీసీ మైక్రో యంత్రంపై దానిని నేర్చాను. ఆ యంత్రానికి ఇంగ్లీషు లిపి తప్ప మరొకటి తెలియదు. నిలువున ఎనిమిది, అడ్డంగా ఎనిమిది చుక్కల గడిలో 'అ' ఆకారాన్ని మనమే గీసి ఇవ్వాలి. అక్కడ అక్షరం కేవలం బొమ్మ.

తరువాత నేర్చిన 'సి' భాష 1970ల తొలినాళ్లలో బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ సృష్టించినది. దాని దృష్టిలో అక్షరమంటే బైట్ అనే చిన్న అంకె. తెలుగు లిపికి 1991లో యూనికోడ్‌లో స్థానం లభించింది. నేడు సర్వత్రా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లు ఆక్రమిస్తుంది. అందువల్ల 'తెలుగు' అనే మాట పొడవెంత అని 'సి'ని అడిగితే 18 అంటుంది. 2008లో విడుదలైన పైథాన్ మూడవ రూపాన్ని అడిగితే 6 అంటుంది. హల్లునూ దానిపై గుణింతపు గుర్తునూ అది వేర్వేరుగా లెక్కిస్తుంది. ఆ మాటను తిరగేయమంటే కొమ్ము ముందు, హల్లు వెనుక వస్తాయి. 2014లో వచ్చిన స్విఫ్ట్ భాష మాత్రం 3 అని బడిపిల్లవాని వలె సరిగా చెబుతుంది.

అంతటితో చిక్కు తీరలేదు. 'సత్యం' అనే మాటలో మనకు రెండే అక్షరాలు. యూనికోడ్ పాత నియమం దానిని స, త్, యం అని మూడు ముక్కలు చేసేది. 2023 నాటి 15.1 ప్రమాణం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరాన్ని విడదీయరాదని నిర్దేశించింది.

గురులఘు నిర్ణయానికి నేను ఆశ్రయించినది 1972లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో పుట్టిన ప్రోలాగ్. అందులో పని జరిగే క్రమం చెప్పనక్కరలేదు, సూత్రం చెబితే చాలు. దీర్ఘం గురువు, సున్న గల అక్షరం గురువు, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు. ఛందోగ్రంథంలోని లక్షణాలే దాదాపు యథాతథంగా ప్రోగ్రామ్ అయ్యాయి.

ఇక్కడొక మెలిక ఉన్నది. 'ప్రాణత్యాగం' అనే సమాసంలో 'ణ' గురువు. 'అతని త్యాగం' అన్నప్పుడు 'ని' లఘువుగానే నిలుస్తుంది. చేతిరాతలో సమాసాన్ని విడదీసి రాసేవారూ, వేర్వేరు పదాలను కలిపి రాసేవారూ ఉన్నారు. ఏది సమాసమో అర్థం తెలిసినవారే చెప్పగలరు. అందుకని అటువంటి చోట తీర్పు చెప్పక, ఒక చుక్క పెట్టి వదిలేటట్లు ప్రోగ్రామ్ రాశాను. చుక్క ఉన్న ప్రతి పాదాన్నీ నాన్నగారు పైకి చదివి, చెవితో తేల్చేవారు. రెండు పుస్తకాలు ఆ విధంగా పూర్తయ్యాయి. 2019లో ఆయన కాలధర్మం చెందారు. మూడవ పుస్తకంలోని చుక్కలు అలాగే ఉన్నాయి. వాటిని తేల్చడానికి ఇప్పుడు నేను ఛందస్సు చదువుకుంటున్నాను.

ఇన్ని భాషలు నేర్చి నేను గ్రహించినది ఇది. అక్షరమంటే బొమ్మా, బైటా, సంకేతమా అన్నది ఆ భాషను నిర్మించినవారి ఎరుకను బట్టి ఉంటుంది. మన లిపి మర్మం వారికి తెలియాలంటే చెప్పవలసినది మనమే. వ్యాకరణం, ఛందస్సు తెలిసిన పండితులూ ప్రోగ్రామింగ్ తెలిసిన యువతరమూ ఒకే బల్ల వద్ద కూర్చున్ననాడు ఆ పని సులభమవుతుంది. మా ఇంట్లో అది కొంతకాలం జరిగింది. ఇతరత్రా కూడా జరగరానిదేమీ కాదు.