గుఱి నిలుకడ

టాంజానియాలో నున్న మా పూర్వశిష్యు డొకడు అడవిదున్న వేటకై తుపాకికి ఎట్టి దుర్బిణి కొనవలెనని మాకు వ్రాసెను. మేము వేటను మెచ్చువారము కాము. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1991 నాటి సవరణయు దానిని దాదాపుగా మాన్పినందుకు సంతసించువారము. అయినను అనుమతి యున్నచోట వేటాడువాడు మృగమును గాయపఱచి విడువరాదను ధర్మము ఎల్లెడల నొక్కటియే.

పెద్దది చేసి చూపుటయే దుర్బిణి గొప్పతనమని పలువురి భ్రమ. గాయపడి పొదలో దాగిన దున్న పదిగజముల దూరమునుండి మీదికి దుముకును. అప్పుడు పదిరెట్లు పెంచు అద్దములో నల్లని చర్మము తప్ప మఱేమియు గానరాదు. ఒకటి మొదలు నాలుగు రెట్లు చాలును. కంటికిని అద్దమునకును నాలుగంగుళముల యెడముండవలెను. లేనిచో తుపాకి వెనుకకు తన్నినపుడు దుర్బిణి యంచు కనుబొమను చీల్చును.

1912లో వెలువడిన .375 హాలెండు తూటా తాకుడు సామాన్యము కాదు. దానికి లోపలి అద్దము వెంట్రుకవాసి కదలినను గుఱి తప్పును. కావున అడవికి పోకమునుపే పలుమారులు కాల్చి, గుఱి నిలిచినదో లేదో చూడవలెను. దుర్బిణి చెడినచో తక్షణమే ఊడదీయదగిన పట్టులును, తుపాకిపై మామూలు ఇనుపగుఱియు నుండుట మేలు.

గుఱి చెదరినచో ఫలమనుభవించువాడు తుపాకి గలవాడే కాడు. జాడ తీయుచు ముందు నడచు పేదవాడును.