చెక్కలో ఇంత లెక్కుందా!

పటేల్‌గూడ నుంచి పటాన్‌చెరు దాకా ఏ షెడ్డులో చూసినా లేతు తిరుగుతూనే ఉంటుంది. నేనూ టర్నర్‌నే. ఇనుము, ఇత్తడి, స్టీలు తప్ప వేరేది చక్‌కు ఎక్కించి ఎరుగను. అలాంటి నా చేతిలో ఒక పెద్దాయన, జాయింటు మరలు చూడమని, అమెరికాలో చేత్తో చేసిన పూల్ క్యూ, అంటే పూల్ ఆటలో బంతిని కొట్టే కర్ర, పెట్టాడు. అబ్బ, ఏం పని అది!

రెండు ముక్కలు. కలిపితే 58 అంగుళాలు, బరువు అర కిలో పైచిలుకు. ముందు భాగం మేపుల్ చెక్క, కొనకు 13 మిల్లీమీటర్ల తోలు టిప్. పిడి దగ్గర నల్లచేవ నాలుగు బాకుల్లా లేతరంగు మేపుల్‌లోకి దూసుకెళ్లింది. రంగేశారనుకున్నాను. కాదు, చెక్కలో చెక్క! వీటిని పాయింట్లు అంటారు. మేపుల్‌లో ఏటవాలుగా గాడి కోసి, సన్నని రంగు పొరలు అంటించిన నల్లచెక్కను అందులో అతికి, అప్పుడు గుండ్రంగా తిప్పుతారు. సెంటర్ వెంట్రుకవాసి తప్పినా ఒక పాయింటు పొడుగై ఇంకోటి పొట్టిదవుతుంది. వెర్నియర్ పెట్టి చూశాను. నాలుగూ సమానం!

మరి చెక్క ఊరుకోదు కదా, గాలిలో తేమను బట్టి వంగుతుంది. అందుకే కాస్త కోత కోసి, వారాలు, నెలలు వేలాడదీసి, అది వంగేదేదో వంగాక మళ్లీ కాస్త కోస్తారట. గంటల లెక్కన పని చేసేవాడిని, ఆ ఓపికకు దండం పెట్టాను.

ఈ విద్యలో పెద్ద పేరు జార్జ్ బలబుష్కాది. 1912లో రష్యాలో పుట్టి, న్యూయార్క్‌లో చెక్కబొమ్మలు, సామాన్లు చేసినవాడు. 1959లో స్నేహితులకు క్రిస్మస్ కానుకగా క్యూలు చేయడం మొదలెట్టి, 1975లో పోయేదాకా చేశాడు. 1986లో వచ్చిన ‘ది కలర్ ఆఫ్ మనీ’ సినిమాలో బలబుష్కా అని చూపించింది నిజానికి జాస్ కంపెనీ క్యూ. అసలుది షూటింగులో వాడలేనంత విలువైనది మరి!

ఇక పాయింట్లలోని ఆ నల్లచేవ అంటే ఆఫ్రికా, సిలోన్ అనుకుంటాం. బీడీలకు ఆకు కోసే మన తునికి చెట్టు చేవ కూడా నల్లదే! 1795లో రాక్స్‌బర్గ్ శాస్త్రీయంగా వర్ణించిన ఆ చెట్టు కలపే బయటి దేశాల్లో కోరమాండల్ ఎబొనీ.

అలాగని ముదురు రంగు చెక్క కోసం అడవి మీద చెయ్యి వేయనక్కర్లేదు. పాత జిట్రేగి పట్టెమంచాలు కట్టెల అడితికి పోతూనే ఉన్నాయి. టర్నర్ అన్నలారా, ఒక పట్టె ఆపండి. లేతు మీది నూనె శుభ్రంగా తుడిచి, ఆదివారం ఒక్క పాయింటు అతికి చూడండి.