సంచి ఆయుష్షు తొంభై రోజులు

శాన్ హోసే సిటీ హాల్ ముందు నుంచి వెళ్లే 22వ నంబరు బస్సుకి ‘హోటల్ 22’ అని ఇంకో పేరుంది. రాత్రంతా నడిచే బస్సు కావడంతో ఇల్లు లేనివాళ్లు ఏళ్ల తరబడి అందులోనే కునుకు తీసేవారు. కారు షెడ్డులో ఉన్న వారం నేనూ ఆ బస్సెక్కాను. పక్క సీట్లో ఓ పెద్దాయన. ఈ సిలికాన్ వ్యాలీలోనే వేరే ఊళ్లో వంతెన కింద టెంటు వేసుకుని ఉండేవాడట. పోయిన చలికాలం ఆ చోటు ఖాళీ చేయించిన పొద్దున ఆయన కాఫీ కోసం వెళ్లాడు. తిరిగొచ్చేసరికి టెంటూ లేదు, ఆకుపచ్చ సంచీ లేదు. సంచిలో మందులు, వాళ్లమ్మ ఫొటో.

“పోతే పోయింది. పోయిందని ఎక్కడన్నా రాసుంటారా?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ శనివారం స్టోరీ రోడ్డుకి, సోమవారం సిటీ హాల్‌కి వెళ్లింది ఆ ప్రశ్న వల్లే.

స్టోరీ రోడ్డులో వియత్నాం వాళ్ల మాల్స్, కయోటీ వాగు పక్కనే కెల్లీ పార్కు, అందులో పిల్లల జూ ‘హ్యాపీ హాలో’. బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లలో పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లనివాళ్లు తక్కువ. మా పాపతో నేనూ పదిసార్లు వెళ్లుంటాను. ఆ దగ్గర్లోనే అదే వాగు గట్టున 68 ఎకరాల్లో ‘ది జంగిల్’ అనే గుడారాల బస్తీ ఉండేదని మాత్రం చాలాకాలం నాకు తెలియదు. అమెరికాలోని పెద్ద బస్తీల్లో అదొకటని పేరు. చెట్ల మీద కట్టుకున్న గదులుండేవి, నేల తవ్వి చేసుకున్న గదులూ ఉండేవి. 2014 డిసెంబర్ 4, గురువారం నాడు సిటీ దాన్ని మూసేసింది. అప్పటికి సుమారు 300 మంది ఉన్నారు. నోటీసులు అంటించింది అదే వారం సోమవారం. అంతా వాన, బురద.

ఇప్పుడక్కడ విల్లో చెట్లు, ఎండుగడ్డి, సగం మట్టిలో దిగబడిన ఓ షాపింగ్ బండి చక్రం. అది ఆనాటిదో నిన్నటిదో చెప్పలేను. వంతెన మీద కార్ల హోరు తప్ప చప్పుడు లేదు.

సిటీ వాదన తీసిపారేసేది కాదు. వాగు నీళ్లు మురికవుతున్నాయని గొడవలున్నాయి. మూసేముందు ఏడాదిన్నరలో సుమారు 40 లక్షల డాలర్లు ఖర్చుపెట్టి వంద మందికి పైగా అద్దె సాయంతో ఇళ్లు చూపించారు కూడా. 2017 ఫిబ్రవరిలో ఇదే వాగు పొంగితే 14,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. పక్కా ఇళ్లలో ఉన్నవాళ్ల గతే అలా ఉంటే గట్టు మీద టెంట్ల సంగతి చెప్పక్కర్లేదు. నన్ను తొలిచింది ఇంకొకటి. జంగిల్ నుంచి 600 టన్నులకు పైగా చెత్త ఎత్తారని, 300 పైచిలుకు షాపింగ్ బండ్లు తీశారని లెక్కలు సులువుగానే దొరుకుతాయి. ఆ టన్నుల్లో చెత్తెంత, ఎవరి సంచి ఎంత?

సోమవారం సిటీ హాల్‌కి వెళ్లాను. ఆర్కిటెక్ట్ రిచర్డ్ మయర్ గీసిన ఆ భవనాన్ని 2005లో తెరిచారు. ముందు పెద్ద గాజు గుమ్మటం. కౌంటర్లో ఉన్నామెకి సంగతి చెప్పాను, వేరే ఊరి వ్యవహారమనీ చెప్పాను. ప్రభుత్వ కాగితాలు అడిగే చట్టం రాష్ట్రం మొత్తానికీ ఒకటే కదా అని ఓపిగ్గా విన్నది. నేను రాసుకెళ్లిన కాగితం చూసి నవ్వింది. ‘ఎందుకు ఖాళీ చేయించారు, సామాన్లు ఏమయ్యాయి’ అని రాశాను. “ఇవి ప్రశ్నలు. ప్రశ్నలకి జవాబు రాసిపెట్టమని చట్టంలో లేదు. మీరు కాగితం అడగాలి. నోటీసు అడగండి, పని ఆర్డరు అడగండి, సామాన్ల జాబితా అడగండి” అంది.

ఇంకో చిక్కు మాటలో ఉంది. టెంట్లలో ఉండేవాళ్లు దీన్ని ‘స్వీప్’ అంటారు, అంటే ఊడ్చెయ్యడం. ఆఫీసు కాగితాల్లో మాత్రం అది ‘అబేట్‌మెంట్’. ఊడ్చెయ్యడం గురించి కాగితాలివ్వమంటే ఏమీ లేవనే ప్రమాదం ఉంది. వాళ్ల మాటలోనే అడగాలి.

కాలిఫోర్నియా పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1968 నాటిది, గవర్నరుగా రీగన్ సంతకం పెట్టాడు. ఎందుకడుగుతున్నావని అడగరు. ఇచ్చేదీ లేనిదీ 10 రోజుల్లో తేల్చి చెప్పాలి, కారణముంటే మరో 14 రోజులు. మన సమాచార హక్కు చట్టంలో ఆ గడువు 30 రోజులు. మండలాఫీసులో దరఖాస్తుకి మా నాన్న కట్టిన 5 రూపాయల రుసుము గుర్తొచ్చింది. ఇక్కడ నకలు తీసే ఖర్చు తప్ప దరఖాస్తు రుసుమే లేదు. అధికారుల సొంత ఫోన్లలో, సొంత ఈమెయిళ్లలో నడిచిన ప్రజల పని కూడా రికార్డే. ఆ తీర్పు పుట్టింది ఈ శాన్ హోసే మీద వేసిన కేసులోనే. 2009లో ఒకాయన అడిగిన కాగితాలకి 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు దారి చూపింది. ఎనిమిదేళ్లు! మన కోర్టుల్నే తిట్టుకుంటాం.

2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, షెల్టర్లో మంచం లేకపోయినా బయట పడుకున్నవాళ్లకి జరిమానా వెయ్యొచ్చంది. సామాన్ల సంగతి దాంతో మారలేదు. వదిలెయ్యని సామాన్లని అక్కడికక్కడే నాశనం చెయ్యకూడదని 2012లో లాస్ ఏంజెలెస్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పిన మాట ఉంది. చాలా నగరాలు వాటిని 90 రోజులు దాచే పద్ధతి పెట్టుకున్నాయి. నగరపాలక రికార్డులు మాత్రం, కొన్ని మినహాయింపులు పోను, కనీసం రెండేళ్లు ఉంచాలని రాష్ట్ర చట్టం. అంటే సంచి ఆయుష్షు తొంభై రోజులు, దాని గురించి రాసిన కాగితం ఆయుష్షు రెండేళ్లు. పెద్దాయన సంచికి గడువు తీరిపోయింది. కాగితానికి ఇంకా ఉంది.

మళ్లీ అదే బస్సులో, అదే వేళకి, మూడో ప్రయత్నంలో ఆయన దొరికాడు. తారీఖు, వంతెన పేరు, సంచి రంగు చెబుతుంటే ఫోన్లో నేను టైపు చేశాను. ‘ఆ రోజు ఆ చోట జరిగిన అబేట్‌మెంట్‌కి సంబంధించి అంటించిన నోటీసు, పని ఆర్డరు, తీసిన ఫొటోలు, దాచిన సామాన్ల జాబితా, పారేసిన సామాన్ల జాబితా.’ చివరిది ఆయనే కలపమన్నాడు. జవాబు ఎక్కడికి పంపాలన్న గడిలో మా ఇంటి చిరునామా పెట్టాను. ఆయనకి చిరునామా లేదు.

పది రోజుల్లో నాలుగు గడిచాయి.